రెండో వాయిదా ఫైలు ఎక్కడుందో చెప్పించండి: కేంద్ర మంత్రి గారికి బహిరంగ లేఖ

వైద్య పరిశోధన నిధుల బాధ్యత చూస్తున్న గౌరవనీయులైన కేంద్ర మంత్రి గారికి,

నమస్కారాలు.

విషయం: మంజూరైన పరిశోధన ప్రాజెక్టులకు రెండో ఏడాది డబ్బు, అంటే రెండో వాయిదా, వేళకు రాకపోవడం, ఫైలు ఏ బల్ల మీద ఉందో ఎవరూ చెప్పకపోవడం గురించి.

ఈ సంగతి మీద వినతిపత్రాలు ఇదివరకే వెళ్లాయి. మెయిల్లో వెళ్లాయి, రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాయి, ఢిల్లీకి పనిమీద పోయేవాళ్ల చేతికిచ్చి పంపినవీ ఉన్నాయి. ఒకటి రెండింటికి అందినట్టు రసీదు వచ్చింది. జవాబు దేనికీ రాలేదు. అందుకని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. మాట ఎక్కడైనా గట్టిగా పడితే మన్నించండి, జీతం లేని ఆరో నెలలో ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాస్తున్న ఉత్తరమిది.

పథకాలన్నీ మీకు తెలిసినవే కాబట్టి మొదటినుంచీ చెప్పం. మొదటి ఏడాది డబ్బు ఆలస్యంగానైనా వస్తుంది, అది వచ్చేదాకా పని మొదలుకాదు గనుక నష్టం తక్కువ. మా గోడు అంతా రెండో ఏడాదితోనే. అప్పటికి మనుషుల్ని పెట్టుకుని ఉంటాం, రోగుల దగ్గర సంతకాలు తీసుకుని ఉంటాం, రక్తం తీసి ఫ్రీజర్లో పెట్టి ఉంటాం. అప్పుడు కుళాయి కట్టేస్తారు.

రోడ్డు పనికి బిల్లు ఆరు నెలలు ఆగితే రోడ్డు ఆరు నెలలు ఆలస్యంగా పడుతుంది. మనుషుల మీద చేసే పరిశోధన అలా ఆగదు. గర్భంతో ఉండగా షుగరు బయటపడిన 300 మంది తల్లుల మీద ఒక ప్రాజెక్టు అనుకోండి. 300 ఊరికే వేసిన అంకె కాదు. లెక్క కట్టితే కావలసింది 240 మంది, అయిదోవంతు మధ్యలో జారిపోతారని 300 రాస్తాం. కాన్పు అయ్యాక 6 నుంచి 12 వారాల లోపు ఆ తల్లికి పరగడుపున ఒకసారి రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు మళ్లీ తీయాలి. పదిహేనో వారంలో తీసినది వేరే పరీక్ష, దాన్ని ఈ పట్టికలో కలపకూడదు.

ఇప్పుడు ఆ తల్లి ఎక్కడుంటుందో చూడండి. పేరు రాయించుకున్నది గుంటూరు ఆస్పత్రిలో. కాన్పుకి పుట్టింటికి పోయింది, అది మార్కాపురం అవతల. ఫారంలో రాసిన ఫోన్ నంబరు భర్తది, ఆయన హైదరాబాదులో పనిలో ఉన్నాడు. ఆమె పుట్టిల్లు ఏ వీధిలోనో, ఆ ఊళ్లో ఏ ఆశా కార్యకర్తను అడగాలో, అత్తగారు ఒప్పుకోకపోతే ఎవరితో చెప్పించాలో తెలిసిన మనిషి ప్రాజెక్టు మొత్తానికి ఒక్కరే: ఫీల్డ్ వర్కర్. మూడు నెలలు జీతం లేకుండా ఆమె సొంత డబ్బుతో బస్సెక్కుతుంది. నాలుగో నెల మానేస్తుంది. తప్పు ఆమెది కాదు. ఆమె వెళ్లిపోయాక రిజిస్టరు మన దగ్గరే ఉంటుంది గానీ అందులోని తల్లులు దొరకరు.

రెండేళ్లలో 300 మందిని చేర్చుకోవాలంటే నెలకు పన్నెండు పదమూడు మంది. ఆరు నెలలు మనిషి లేకపోతే, అటూ ఇటూ ఆనుకున్నవాళ్లను ఎలాగో పట్టుకున్నా, ఆరు వారాల గడువు పూర్తిగా ఆ ఖాళీలోనే గడిచిపోయేవాళ్లు 50 మంది పైనే. మిగిలిన 250 లోపు మందిలో అయిదోవంతు మామూలుగా జారిపోయేవాళ్లు. చేతికి వచ్చేది 200 లోపే. ఆ తర్వాత మీరు వడ్డీతో సహా డబ్బు విడుదల చేసినా ఆ తల్లులకు ఆ వారాలు మళ్లీ రావు. (వడ్డీ మాట నోరుజారి వచ్చింది. వడ్డీ కట్టేది మేమే, దాని సంగతి కింద ఉంది.)

ల్యాబులోనూ ఇదే వరస. రక్తంలోని పదార్థాలను కొలిచే ఎలైసా పరీక్షకు వాడే ఒక ప్లేటులో 96 గుంటలు. స్టాండర్డులకు (కొలతకు ఆధారంగా వేసే, మోతాదు ముందే తెలిసిన నమూనాలకు) 16 పోతే మిగిలిన 80లో, ఒక్కో శాంపిల్‌ను రెండేసి గుంటల్లో వేస్తే, 40 శాంపిళ్లు పడతాయి. ఒకే తల్లి మొదటి రక్తం, కాన్పు తర్వాతి రక్తం ఒకే ప్లేటు మీద పక్కపక్కన నడపాలి, అప్పుడే తేడా నమ్మదగ్గది. అందుకే మొదటి శాంపిళ్లను మైనస్ 80 డిగ్రీల్లో దాచి జత కోసం కాచుకుంటాం. కిట్టేమో దిగుమతి సరుకు, ఆర్డరిచ్చాక చేతికి రావడానికి వారాలు, వచ్చేసరికి దాని గడువులో సగం కరిగిపోయి ఉంటుంది. మొదటి ఏడాది డబ్బుతో కొన్న కిట్లు జత శాంపిళ్లు రాకముందే ఎక్స్‌పైరీ అవుతాయి. మళ్లీ కొంటే వేరే లాట్ (తయారీ బ్యాచ్) వస్తుంది, పాత లాట్ అంకెలతో అది కలవదు, కలుస్తుందో లేదో తేల్చడానికి ఇంకో ప్లేటు ఖర్చు. ఆ ఖర్చు బడ్జెట్లో ఏ హెడ్ (పద్దు) కిందా లేదు. మందుల ట్రయల్ అయితే మరీను. పాలసీ రెన్యూవల్‌కి డబ్బు లేదంటే పాల్గొన్నవాళ్లకు బీమా ఉండదు, బీమా లేకుండా పాల్గొనేవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ పనిని ముందుకు పోనివ్వదు, పోనివ్వకూడదు కూడా.

ఇంతకీ రెండో వాయిదా ఎక్కడ ఆగుతుంది? కావాలని ఎవరో ఆపుతున్నారని మేము అనడం లేదు. ఎవరూ ఆపకుండానే ఆగేలా కట్టారు.

ప్రాజెక్టు నవంబరులో మొదలవుతుంది, డబ్బు ఎంత, దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మాత్రం మార్చి 31 నాటి లెక్కతో ఇవ్వాలి. జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నియమావళి) 12-ఏ ఫారం, దానికి జతగా ఖర్చుల పట్టిక. ప్రధాన పరిశోధకుడు, ఫైనాన్స్ ఆఫీసరు, సంస్థ అధిపతి సంతకాలు పెట్టాలి. డిసెంబరులో ఆర్డరిచ్చిన సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని తిప్పి భాగాలుగా విడదీసే యంత్రం) మే నెలలో దిగుతుంది. మార్చి 31న ఆ డబ్బు ఖర్చయినట్టా, కానట్టా? మా దృష్టిలో అయిపోయింది, పర్చేజ్ ఆర్డరు ఉంది. మీవాళ్ల పట్టికలో అది మిగులు. మిగులుంది గనుక కొత్త వాయిదా అక్కర్లేదని ఒక నోట్. అటు జీరో బ్యాలెన్స్ పద్ధతిలో (ఖాతాలో డబ్బు వేయరు, ఖర్చు లిమిట్ మాత్రమే ఇస్తారు) ఖర్చు కాని లిమిట్ ఏడాది చివర వెనక్కి పోతుంది. అంటే కాగితం మీద మా దగ్గర డబ్బు ఎక్కువ, ఖాతాలో సున్నా. మే నెలలో సెంట్రిఫ్యూజ్ తెచ్చిన డీలరు బిల్లు పట్టుకుని వరండాలో కూర్చుంటాడు.

మార్చి జీతం ఏప్రిల్ మొదటి వారంలో పడుతుంది. సంస్థ లెక్కలు రాసే ట్యాలీలో అది మార్చి ఖర్చు, కేంద్ర చెల్లింపుల పోర్టల్ పీఎఫ్ఎంఎస్‌లో ఏప్రిల్ ఖర్చు. రెండు అంకెలూ కలవవు, ఫైలు వెనక్కి. బ్యాంకు విలీనమై ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారిన ఒక డీలరుకి పంపిన సొమ్ము తిరిగొస్తుంది, అదొక తేడా. చెల్లింపు నమోదు చేసే మేకర్ ఒకరు, సరిచూసే చెకర్ ఒకరు, ఆపైన డిజిటల్ సంతకం. రిజిస్ట్రార్ బదిలీ అయితే కొత్తాయన డిజిటల్ సంతకం నమోదయ్యేదాకా ప్రాజెక్టుల చెల్లింపులన్నీ బంద్. పాత పద్ధతి ఖాతాల్లో డబ్బున్న ప్రాజెక్టులకు వడ్డీ ఉంటుంది. దాన్ని ప్రభుత్వానికి డబ్బు కట్టే పోర్టల్ భారత్‌కోశ్ ద్వారా కేంద్ర ఖజానా అయిన కన్సాలిడేటెడ్ ఫండ్‌కి జమచేసి రసీదు జతచేయాలి. వందా యాభై రూపాయల వడ్డీ రసీదు లేదని లక్షల వాయిదా నిలిచిపోతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, ఈ లోపాలన్నీ ఒకేసారి చెప్పరు. హెడ్ల లెక్క తప్పిందని ఒక ఉత్తరం. సరిచేసి పంపితే నెలన్నరకు సీలు కనబడటం లేదని ఇంకోటి. అది వేసి పంపితే, ఫైలు చూసే అధికారి మారారు, మొత్తం సెట్టు మళ్లీ పంపమని మూడోది. పోర్టల్ తెరిస్తే ఈ కాలమంతా ఒకే మాట: ‘అండర్ ప్రాసెస్’. ఇరవై రూపాయల కొరియరు కవరు విజయవాడ హబ్‌లో ఉందా, మియాపూర్ దాటిందా అని ఫోన్లో కనిపించే కాలంలో, ముప్పై లక్షల వాయిదా గురించి చెప్పగలిగింది ఈ రెండు మాటలేనా అండి?

చేసిన మంచిని కాదనం. పరిశోధన గ్రాంట్ల మీద జీఎస్టీ గొడవ 2024లో తీర్చారు. 2025 జూన్‌లో కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకు పెంచారు, శాస్త్రీయ పరికరాలను ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ బయట కొనుక్కునే దారి ఇచ్చారు. చాలా సంతోషం. ఇప్పుడు ఏ కొటేషనూ లేకుండా 2 లక్షల సరుకు కొనుక్కోవచ్చు, కొనడానికి డబ్బొక్కటే లేదు. పరిశోధక విద్యార్థుల నెలవారీ ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌ను 31,000 నుంచి 37,000 చేశారు, 2023 జనవరి నుంచి వర్తింపు అన్నారు. రాని 31,000కి, రాని 37,000కి తేడా ఎంతో మా విద్యార్థులు ఇంటి ఓనరుకి చెప్పలేకపోతున్నారు.

ఇక ఈ జాప్యం ఎక్కడ తేలుతుందో వినండి. 200 మందితో ముగిసిన ప్రాజెక్టు ఫలితం గట్టిగా ఉండదు. జర్నల్ వాళ్లు శాంపిల్ చాలదంటారు. తర్వాతి దరఖాస్తులో ‘గత ప్రాజెక్టు లక్ష్యం చేరలేదు’ అని మార్కులు తగ్గుతాయి. తగ్గాయని అనుకోవడమే, ఎందుకంటే ఆ మార్కులూ, సమీక్షకులు రాసిన మాటలూ మా కంటపడవు. ‘కమిటీ సిఫారసు చేయలేదు’ అని రెండు లైన్ల మెయిల్ వస్తుంది. ఆలోచన బాగాలేదా, శాంపిల్ లెక్క తప్పా, బడ్జెట్ ఎక్కువా, లేక మా కాలేజీ పేరు ఎవరూ వినలేదా? ఏదో తెలియకపోతే వచ్చే ఏడు ఏం దిద్దుకోవాలి? అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ తాను తిరస్కరించిన దరఖాస్తుకి కూడా సమీక్షకుల వ్యాఖ్యలు పంపుతుంది. ఎన్ని వచ్చాయి, ఎన్నిటికి ఇచ్చాం అని ఏటా లెక్క చెబుతుంది. ఎవరికి ఎంత ఇచ్చిందో ఎవరైనా వెతుక్కోవచ్చు. అంత దూరం ఎందుకు, మన సమాచార హక్కు చట్టం 2005లోనే సెక్షన్ 4(1)(డి) ఉంది: నిర్ణయం వల్ల ప్రభావితమైనవాళ్లకు కారణాలు చెప్పాలి. అడిగితే చెప్పడం కాదు, తనంతట తానే. మేము మాత్రం పది రూపాయలు కట్టి అడిగి, ముప్పై రోజులు ఆగి, ‘గోప్యం’ అన్న జవాబు ఫైల్లో పెట్టుకుంటున్నాం. సమీక్షకుల పేర్లు మాకొద్దు. పేరు కొట్టేసి వ్యాఖ్య ఇవ్వండి.

ట్రయల్ పూర్తయిన 12 నెలల్లో ఫలితాల సారాంశం ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీలో, 24 నెలల్లో జర్నల్లో ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటన మీద 2017 మేలో మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా సంతకం చేసింది. మంచి మాట, మేమూ కట్టుబడతాం. ఫలితం రాకపోవడానికి కారణం రాసే గడి ఒకటి పెడితే, అందులో వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో కూడా రాస్తాం. రెండు వైపులా పారదర్శకత ఉండాలి కదా.

కాబట్టి మా మనవి. రెండో వాయిదాకి ఒక గడువు పెట్టండి, కాగితాలందిన 45 రోజులని మేమంటాం, మీరు 60 అన్నా సరే. లోపాలుంటే అన్నీ ఒకే ఉత్తరంలో చెప్పమనండి. ఆర్డరిచ్చి సరుకు అందని డబ్బును కమిటెడ్ ఖర్చుగా లెక్కలోకి తీసుకోండి, మిగులు అనకండి. ఏప్రిల్ నుంచి జూలై దాకా కనీసం జీతాల హెడ్ అయినా ఆగకుండా చూడండి, కిట్ల సంగతి మేము ఏదో తిప్పలు పడతాం. ఫైలు ఏ దశలో ఉందో, ఆ దశలోకి ఏ తేదీన వచ్చిందో పోర్టల్‌లో పెట్టండి. వచ్చిన దరఖాస్తులెన్ని, ఇచ్చినవెన్ని, పట్టిన రోజులెన్ని, ఏటా ఒక పేజీ వేయండి. కారణం చెప్పండి. మళ్లీ చెబుతున్నాం, కాదంటే కాదనండి, కారణం చెప్పండి. వీటిలో చివరి మూడిటికీ అదనపు బడ్జెట్ అక్కర్లేదు, ఏ కమిటీ వేయాల్సిన పనీ లేదు. కమిటీ మాత్రం దయచేసి వేయకండి.

అన్నట్టు, ఈ లేఖ ప్రతిని మీ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపుతున్నాం. దానికి డైరీ నంబరు వేయించి, ఆ నంబరు మాకు చెప్పించగలరు.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల వైద్య కళాశాలల్లో, పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టులు నడుపుతున్న కొందరు అధ్యాపకులు, పరిశోధకులు