మా నాన్నగారికి సంతానం ఉంది

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారు పోయిన వార్త వేసినందుకు కృతజ్ఞతలు. కానీ ‘ఆయనకు సంతానం లేదు’ అని అచ్చయింది. కూతురిని నేనున్నాను, తమ్ముడున్నాడు. దయచేసి సవరించండి.

ఆయన 1971 యుద్ధంలో పైలట్. డిసెంబర్ 11న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్ దగ్గర పారాట్రూపర్లను దించిన విమానాల్లో ఒకటైన ‘ప్యాకెట్’ అనే రవాణా విమానాన్ని నడిపారు. హిమాలయాల ఎత్తులో బరువు లాగడానికి ఆ ప్యాకెట్ల నెత్తిన మన విమానాల తయారీ సంస్థ హెచ్ఏఎల్ వాళ్లు ఓ జెట్ ఇంజిన్ అదనంగా బిగించారట. అరుగు మీద కూర్చుని చెబుతుంటే కోతలనుకునేవాళ్లం!

మా కన్నతండ్రి పోయాక, ఇద్దరు పిల్లలున్న మా అమ్మను చేసుకున్నారు. కోనసీమ పల్లెటూళ్లో అప్పట్లో అదేమీ చిన్న విషయం కాదు, చాలా మాటలు పడ్డారు. అయినా మా ఇంటిపేరు మార్చలేదు. మా కన్నతండ్రి తద్దినం ఏటా తమ్ముడి చేత దగ్గరుండి పెట్టించేవారు. 1996 నవంబర్ తుపానుకు కొబ్బరితోట నేలమట్టమైంది. మా మేనమామలు నా చదువు మాన్పించమన్నారు. ఈయన వినలేదు, పెన్షన్ డబ్బుతో ఫీజులు కట్టారు. కోపం మాత్రం జాస్తి. భోజనానికి అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు ఎగిరిపోయేది.

యుద్ధం గురించి మీరు బాగానే రాశారు. ఈ సంగతి కూడా పాఠకులకు తెలియాలని రాస్తున్నాను.

– ఒక పాఠకురాలు, అమలాపురం