ముందు బొంత, తర్వాత రింగులు

చిన్నా,

పాతకాలం యుద్ధాల్ని వేషాలు కట్టి మళ్లీ ఆడే మీ గుంపు కోసం కొంటానంటున్న రింగుల చొక్కా, అదే లోహపు రింగులు అల్లిన కవచం, నువ్వు పంపిన ఫొటోలో చూశాను. బాగా మెరుస్తోంది, కాదనను. “నాలుగు కిలోలేనమ్మా, ధర కూడా సగమే” అని నువ్వు సంబరపడుతుంటే వినడానికి బాగానే ఉంది గానీ, డబ్బులు మాత్రం పంపడం లేదు. ఫోన్లో చెబితే మూడో మాటకే “సరేలే అమ్మా” అనేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు చూసింది అల్యూమినియం చొక్కా. తీగను గుండ్రంగా వంచి, రెండు కొసలూ ఒకదానికొకటి ఆనించి వదిలేశారు. అతుకు లేదు, కొసల్ని బిగించే రివెట్ అనే చిన్న మేకూ లేదు. నా మొదటి చొక్కా కూడా ఆ రకమే, కాకపోతే ఇనుముది. 1066 అక్టోబర్ 14న ఫ్రాన్స్ వైపు నార్మండీ నుంచి వచ్చిన విలియం, ఇంగ్లండ్ రాజు హెరాల్డ్ తలపడిన చోట ఇప్పుడున్న ఊరి పేరే బాటిల్. ఏటా అక్టోబర్‌లో అక్కడ ఆ యుద్ధాన్ని మళ్లీ ఆడతారు కదా, నేను మొదటిసారి వెళ్లినప్పుడు నీకు ఆరేళ్లు. నాన్న భుజాల మీద కూర్చుని చూశావు. ఎదుటివాడి మొద్దు ఈటె నా చంక కింద తగులుకుంది. అతను మామూలుగానే వెనక్కి లాక్కున్నాడు. అంతే, జానెడు మేర రింగులు విచ్చుకుని గడ్డిలోకి రాలిపోయాయి, చేటలోంచి మరమరాలు జారినట్టు. సాయంత్రం అందరూ టీ తాగుతుంటే నేను ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం అడిగి తెచ్చుకుని మోకాళ్ల మీద పాకుతూ ఏరుకున్నాను. నీ అల్యూమినియానికి ఆ భాగ్యం కూడా లేదు, అయస్కాంతానికి అంటుకోదు.

కొంటే రివెట్ రింగులే కొనాలి. తీగ కొసలు రెండూ ఒకదాని మీదికి ఒకటి తెచ్చి, సుత్తితో చదును చేసి, బెజ్జం పెట్టి, చిన్న మేకుతో బిగించినవి. ఒక్కో రింగులోంచి నాలుగు రింగులు వెళతాయి. మీ గుంపు నార్మన్ వేషాలే, అంటే ఆ విలియం సైనికుల వేషాలే కడుతోంది కాబట్టి ఒక వరస అతుకులేని నిండు రింగులు, ఒక వరస రివెట్ రింగులు ఉండే అల్లిక అయితే ఆ కాలానికి సరిపోతుంది. చేతిలోకి తీసుకున్నాక పాత చున్నీ ఒకటి దాని మీద మెల్లగా లాగి చూడు. పోగులు లేస్తే రివెట్లు సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఒక వైపు లాగితే సాగుతుంది, ఇంకో వైపు లాగితే సాగదు. ఆ సాగేది నీ ఒంటి చుట్టూ రావాలి, పైనుంచి కిందికి కాదు. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టదు గానీ కొత్త గిన్నెల దుకాణంలా మెరుస్తుంది. మామూలు ఇనుమే తీసుకో, కాస్త చాకిరీ చేయించుకుంటుంది.

నా రెండో చొక్కా విప్పి చూస్తే లోపల చీటీ మీద ఏముందో తెలుసా? మేడ్ ఇన్ ఇండియా. ఇక్కడ అమ్మే ఇలాంటి కవచాల్లో బోలెడన్ని మన ఉత్తరాదిన, డెహ్రాడూన్ వైపు తయారైనవే. నార్మన్ సైనికుడి వేషానికి నేనూ, నా చొక్కా ఇద్దరమూ అటునుంచే వచ్చామని మీ నాన్న ఇప్పటికీ అంటుంటారు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినప్పుడు గుర్తుందా, గంట కొట్టే గడియారం బొమ్మ దగ్గర నువ్వు కదలనంటే, నిన్ను నాన్నకి అప్పజెప్పి నేను ఆయుధాల గదిలోకి పోయాను. అప్పటికింకా ఈ పిచ్చి నాకు పట్టలేదు. పట్టి ఉంటే మధ్యాహ్నం భోజనానికి కూడా బయటికొచ్చేదాన్ని కాదు.

ఇప్పుడు అసలు మాట. చొక్కా కంటే ముందు నీకు కావలసింది దాని కింద వేసుకునేది. మీ వాళ్లు గాంబిసన్ అంటారు. నాకైతే చూడగానే మా నానమ్మ కుట్టే బొంత గుర్తొచ్చింది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, వరసలు వరసలుగా కుట్లు వేసేది. ఇదీ అంతే, నార బట్ట పొరలతో కుట్టిన బొంత కోటు. రింగులు కత్తి అంచు నిన్ను కోయకుండా ఆపుతాయి. దెబ్బని ఆపలేవు. కర్రతో కొట్టినట్టు తగిలితే ఆ రింగులే చర్మంలోకి దిగబడతాయి, ఎముక విరగొచ్చు కూడా. ఆ దెబ్బని మింగేది బొంత. ఒకసారి ఎండగా ఉందని బొంత లేకుండా టీషర్టు మీదే రింగుల చొక్కా వేసుకుని ప్రాక్టీసుకి దిగాను. భుజమ్మీద ఒక్క దెబ్బ. మర్నాడు స్నానానికి వెళ్లి చూసుకుంటే నీలం మచ్చలో రింగులు లెక్కపెట్టుకోవచ్చు, అచ్చు గుద్దినట్టు. మీ నాన్నకి వారం దాకా చూపించలేదు.

రెడీమేడ్ బొంత కోటు కొనకు. చాలావాటిలో పాలిస్టర్ దూది కూరతారు, అరగంటలో ఉడికిపోతావు. నీది నేనే కుడతాను. నార బట్ట చెమట పీలుస్తుంది, ఉతుక్కోవచ్చు. చేతులు పైకెత్తినప్పుడు పట్టేయకుండా చంక దగ్గర ముక్క వదులుగా వేస్తాను. రింగుల చొక్కాకి కూడా చంకలో అలాంటి ముక్క ఉందో లేదో చూడాలి. లేకపోతే చెయ్యి ఎత్తగానే చొక్కా మొత్తం పైకి లేచి గొంతు నొక్కేస్తుంది. కొలత ఎప్పుడూ బొంత మీదే తీసుకోవాలి. దాని మీద ఇంకో పదిహేను సెంటీమీటర్లయినా వదులుండాలి. ఒంటి కొలతకి కొని తిరిగి పంపలేక ఏడ్చినవాళ్లని నేను చూశాను.

వేసుకునేటప్పుడు గుర్తుపెట్టుకో. కళ్లజోడు తీసెయ్. ముందు రెండు చేతులూ చొక్కా చేతుల్లోకి దూర్చి పైకెత్తు, అదే జారి తల మీదుగా దిగుతుంది. నాది పదకొండు కిలోలు. మొదటి ఐదు నిమిషాలు ఏమీ అనిపించదు, అరగంట తర్వాత భుజాలు దిగలాగుతాయి. దానికి మందు బెల్టు. నడుముకి తోలు బెల్టు గట్టిగా బిగించి, పైనున్న రింగుల్ని గుప్పెడు గుప్పెడుగా పైకి లాగి బెల్టు మీద వేలాడేలా వదిలెయ్, నడుం దగ్గర పొంగులా వస్తుంది. అప్పుడు సగం బరువు తుంటి మీదికి దిగుతుంది. మన ఆడవాళ్లు బిందె చేత్తో మోయకుండా నడుమ్మీద ఎందుకు పెట్టుకుంటారో, ఇదీ అందుకే.

నీ జుట్టు సంగతి. కత్తిరించమని ఏడాదిగా పోరుతున్నా వినలేదు, సరే. కానీ రింగులకి జుట్టంటే మహా ఇష్టం. ఒకసారి జడ విప్పి ఉండగా చొక్కా తీయబోయి, సగంలో ఇరుక్కున్నాను. తల లోపల, చేతులు పైన, ఏమీ కనబడదు. ఇద్దరు పట్టుకుని ఒక్కో వెంట్రుక తెంపి బయటికి లాగారు. జుట్టు బిగించి ముడేసి, పైన పలచటి గుడ్డ టోపీ పెట్టుకో. విప్పేటప్పుడు నడుం దగ్గర వంగి, చేతులు నేల వైపు చాపి ఒళ్లు కుదుపు. నీళ్లలా జారిపోతుంది. ఆ 1066 యుద్ధం కథని గుడ్డ మీద బొమ్మలుగా కుట్టిన పొడవాటి పట్టీ, బేయూ టాపెస్ట్రీ ఉంది చూడు, దాని కింది అంచులో చనిపోయినవాళ్ల ఒంటి మీంచి చొక్కాలు తల మీదుగా ఎలా లాగేస్తున్నారో కుట్టారు కదా, అదే పద్ధతి. ఇంకో చోట ఒక్కో చొక్కా చేతుల్లోంచి కర్ర దూర్చి ఇద్దరేసి మోసుకుపోతుంటారు. మన రెడింగ్ మ్యూజియంలో, లీక్ అనే ఊరి ఆడవాళ్లు 1886లో కుట్టి పూర్తి చేసిన దాని నకలు ఉంది, సెలవులకి వచ్చినప్పుడు చూపిస్తాను. బరువు మోసే తెలివి అక్కడే ఉంది, మీ వాళ్లు హ్యాంగర్‌కి తగిలించి బీరువాలో పెడతారట! హ్యాంగర్ విరుగుతుంది, లేదా భుజాల దగ్గర రింగులు సాగుతాయి. మడిచి పెట్టెలో పెట్టాలి.

తుప్పు గురించి నా సిగ్గుమాలిన కథ ఒకటి. వానలో తడిసిన చొక్కాని ఆదివారం రాత్రి సంచీలో కుక్కి కారు డిక్కీలో వదిలేశాను. బుధవారం తీస్తే ఇటుకపొడిలో పొర్లించినట్టుంది. పాత కాలంలో పీపాలో ఇసుక పోసి, చొక్కా పడేసి దొర్లించేవారు, కాస్త వెనిగర్ కూడా పోసేవారు. మనం ఇత్తడి బిందెని చింతపండు, ఇసుక వేసి తోమినట్టే. నేను మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డ్రమ్ములో సగానికి పొడి ఇసుక పోసి, పెరట్లో గంటసేపు కాలితో దొర్లించాను. సగానికి మించి పోస్తే లోపల కదలదు. తర్వాత దులిపి, పొడి గుడ్డతో తుడిచి, కుట్టు మిషను నూనె పలచగా పట్టించాను. అమ్మమ్మ ఫోన్లో కొబ్బరినూనె రాయమంది. ఈ చలికి అది రింగుల మధ్య గడ్డకట్టి కూర్చుంటుందని చెబితే నమ్మలేదు. నూనె ఎక్కువ రాయకు, నేను కుట్టిన బొంతంతా నల్లబడుతుంది. ఆట అయిన రాత్రే, ఎంత అలసిపోయినా సరే, ముందు దాన్ని తుడిచి ఆరబెట్టి తర్వాతే పడుకో.

ఇంతకీ, కొత్తది కొనే పని లేదు. నా చొక్కా గ్యారేజీలో ఉంది, మోకాలి నొప్పి వచ్చాక నేను దిగడం లేదు కదా. నీకు భుజాల దగ్గర చాలదు. రెండు పక్కలా నాలుగేసి వరసలు కలపాలి. డబ్బా నిండా విడి రింగులున్నాయి, రెండు పటకార్లున్నాయి. ఈస్టర్ సెలవులకి వచ్చాక ఇద్దరం కూర్చుందాం. నువ్వు దూర్చు, నేను రివెట్ కొడతాను. చత్వారం వచ్చింది, రెండూ నావల్ల కాదు.

బొంతకి కొలతలు ఈ వారంలోనే పంపు. ఛాతీ ఊపిరి నిండా పీల్చి తీసుకో. చెయ్యి పొడవు మోచెయ్యి వంచి తీసుకో. నీ చుట్టూ నువ్వే టేపు పట్టుకోకు, రూమ్మేట్‌ని పట్టుకోమను.

అమ్మ