సుడోకుకు జవాబుతో పాటు దారి కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ‘కఠినం’ అనే గుర్తుతో వచ్చే సుడోకు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రతి అడ్డువరుసలోనూ, ప్రతి నిలువువరుసలోనూ, తొమ్మిదేసి గళ్లుండే ప్రతి చిన్న చదరంలోనూ 1 నుంచి 9 వరకు అంకెలు ఒక్కోసారే వచ్చేలా నింపడమే ఈ ఆట. మరుసటి వారం అదే పేజీలో ఒక మూలన, 81 గళ్లూ నిండిన జవాబు వేస్తున్నారు. దానితో పాఠకుడు తాను నింపిన అంకెలు సరిపోయాయో లేదో చూసుకోగలడు, అంతే. సగంలో ఆగిపోయినవాడికి అక్కడి నుంచి అడుగు ఎలా వేయాలో ఆ నిండిన గళ్లు చెప్పవు. జవాబు మాత్రం రాసి, చేసిన విధానం రాయని విద్యార్థికి మా గణితం మాస్టార్లెవరూ పూర్తి మార్కులు వేయరు. మీ పత్రిక వారం వారం చేస్తున్న పని అదేనని చెప్పక తప్పడం లేదు. అందుకే జవాబు పక్కన, ఆ సుడోకులో ముడి విడిన చోటును వివరిస్తూ నాలుగు వాక్యాలు అచ్చువేయమని కోరుతున్నాను.

ఆ నాలుగు వాక్యాల్లో ఏముండాలో ఒక ఉదాహరణతో చెబుతాను. రెండో అడ్డువరుసలో 5 పట్టే చోట్లు మూడో గడి, ఎనిమిదో గడి మాత్రమే అనుకుందాం. ఏడో అడ్డువరుసలో కూడా 5 కు సరిగ్గా అవే రెండు చోట్లు మిగిలాయి. రెండో వరుసలో 5 మూడో గడిలో ఉంటే ఏడో వరుసలో ఎనిమిదో గడిలో ఉండాలి, రెండో వరుసలో ఎనిమిదో గడిలో ఉంటే ఏడో వరుసలో మూడో గడిలో ఉండాలి. ఈ రెంటిలో ఏది నిజమో మనకు ఇంకా తెలియదు. కానీ ఏది నిజమైనా మూడో నిలువువరుసకూ, ఎనిమిదో నిలువువరుసకూ రావలసిన 5 ఈ రెండు అడ్డువరుసల్లోనే దొరికిపోతుంది కాబట్టి, ఆ నిలువువరుసల్లోని మిగతా గళ్లన్నింటిలోనూ 5 ను కొట్టేయవచ్చు. దీన్ని ఎక్స్-వింగ్ అంటారు. పేరు గుర్తులేకపోయినా నష్టం లేదు. ఒక్క అంకె కూడా నింపకుండానే ఇంత దూరం వెళ్లవచ్చునని ఒకసారి కళ్లారా చూసిన పాఠకుడు ఆ తరువాత కఠినమైన సుడోకును చూసే తీరే మారిపోతుంది.

సులువైన సుడోకులు బాగా చేసేవారు కఠినమైన వాటి దగ్గర చతికిలపడడానికి కారణం, నా పరిశీలనలో, తెలివి చాలకపోవడం కాదు. ‘ఈ గడిలో ఏ అంకె పడుతుంది’ అన్న ఒక్క ప్రశ్నతోనే వారు గళ్లన్నీ తిరుగుతారు. ‘ఈ చిన్న చదరంలో ఈ అంకెకు ఎన్ని చోట్లు మిగిలాయి’ అన్న రెండో ప్రశ్న వేసుకోరు. అది కూడా పనిచేయని చోట పెన్సిలుతో చిన్న అంకెలు గుర్తుపెట్టుకోవాలి. అయితే ప్రతి గడిలోనూ పట్టగల అంకెలన్నీ మొదటి నిమిషంలోనే కుక్కేస్తే చివరికి ఏదీ కనిపించదు. ఒక చిన్న చదరంలో ఒక అంకెకు రెండే చోట్లు మిగిలినప్పుడు మాత్రమే గుర్తుపెట్టడం మేలు. ప్రపంచ సుడోకు పోటీల్లో పలుమార్లు విజేత అయిన థామస్ స్నైడర్ పేరుతో ఈ పద్ధతి వాడుకలో ఉంది. ఇవేవీ తెలియనివారు ఒక అంకెను ఊహించి వేసేస్తారు. పది గళ్ల తరువాత అది తప్పని తేలుతుంది. అప్పటికి ఏ అంకె ఊహతో వేసిందో, ఏది తర్కంతో వేసిందో వారికే తెలియదు.

ఇచ్చిన అంకెలు తగ్గినకొద్దీ కష్టం పెరుగుతుందన్న అపోహ కూడా చాలామందిలో ఉంది. కనీసం 17 అంకెలు ఇవ్వనిదే సుడోకుకు ఒకే జవాబు ఉండదని డబ్లిన్‌కు చెందిన గణిత శాస్త్రవేత్త గారీ మెక్‌గ్వైర్ బృందం 2012లో కంప్యూటర్ల సాయంతో తేల్చింది. కానీ 17 అంకెలే ఇచ్చిన వాటిలోనూ తేలిగ్గా తెగేవి ఉన్నాయి, పాతిక ఇచ్చినా చెమటలు పట్టించేవి ఉన్నాయి. ఏ స్థాయి తర్కం అవసరమన్నదే అసలు కొలత. ఆ సమాచారం మీకు దొరకనిది కాదు. 2004 నవంబర్ 12న లండన్ టైమ్స్‌లో సుడోకు మొదలైందే వేన్ గూల్డ్ అనే విశ్రాంత న్యాయమూర్తి సొంతంగా రాసుకున్న కంప్యూటర్ ప్రోగ్రాము వల్ల. ఈనాటికీ పత్రికల్లో వచ్చే సుడోకుల్లో అధికభాగం ప్రోగ్రాములు తయారుచేసినవే. వాటిలో చాలావరకు ఏ మెట్టు దగ్గర ఏ ఉపాయం కావాలో చూసే సులువు, కఠినం అని ముద్ర వేస్తాయి. ఆ వివరాన్ని మీకు సుడోకులు అందించేవారి దగ్గర అడిగి తెప్పించుకుంటే సరిపోతుంది.

సుడోకు చేస్తే మతిమరుపు దరిచేరదన్న ప్రచారాన్ని నేను సమర్థించడం లేదు. నేను కోరే వివరణ వల్ల లాభపడే పాఠకులు వేరే ఉన్నారు. మా ఊరి గ్రంథాలయంలో పొద్దున్నే పత్రికల బల్ల దగ్గర చేరేవారిలో బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే యువతీయువకులే ఎక్కువ. ఆ పరీక్షల రీజనింగ్ విభాగంలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఏ అంతస్తులో ఎవరున్నారు అన్న చిక్కుముడులకు కూడా, కుదరని వాటిని ఒక్కొక్కటిగా కొట్టేస్తూ పోవడమే పద్ధతి. కోచింగ్ ఫీజు కట్టలేని వారికి ఆ పద్ధతిని వారానికొక మెట్టు చొప్పున చూపడం పత్రిక చేతిలో ఉన్న పని.

చివరగా అచ్చుకు సంబంధించిన రెండు మాటలు. ప్రస్తుతం గడి ఎంత చిన్నదంటే పెన్సిలు గుర్తు ఒక్కటి పెట్టేసరికి అసలు అంకెకు చోటుండదు, రబ్బరుతో చెరిపితే న్యూస్‌ప్రింట్ చిరుగుతుంది. పక్కనున్న వారఫలాల స్థలంలో కొంత తగ్గించి అయినా కఠినమైన సుడోకును పెద్దదిగా వేయండి. ఇచ్చిన అంకెల్లో ఒక్కటి తప్పుపడినా మొత్తం సుడోకు చెడిపోతుంది కాబట్టి, అలా జరిగిన వారం వార్తలకు వేసినట్టే దానికీ సవరణ వేయగలరు.

భవదీయుడు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
తెనాలి.