బిషప్ గారికి బహిరంగ లేఖ: మా పాస్టరు అయ్యగారి వాదన వినండి

గౌరవనీయులైన బిషప్ గారికి,

వినతిపత్రాలకు జవాబు రానందున అందరి ఎదుట రాస్తున్నాను. సువార్త వినకుండానే కన్నుమూసిన మన తాతముత్తాతలను దేవుడు నరకంలో వేయడని ప్రసంగించినందుకు మా అయ్యగారిని ప్రసంగ వేదిక ఎక్కనివ్వడం లేదు. నేరమేమిటో కాగితం మీద లేదు. జీతం ఆగింది. పార్సనేజి (పాస్టరుకు సంఘం ఇచ్చే ఇల్లు) ఖాళీ చేయమన్నారు. అమ్మగారు, పదో తరగతి చదివే పాప ఎక్కడికి వెళ్ళాలి? ఆ ప్రసంగం తప్పని సంఘంలో కొందరంటారు, నేను అనను. అయినా తప్పో ఒప్పో తేల్చడానికి విచారణ ఉండాలి కదా!

శ్రీలంక కథోలిక గురువు తిస్స బాలసూర్యను ఆయన బోధనల కారణంగా 1997 జనవరిలో వెలివేసిన రోమ్ సైతం 1998 జనవరిలో ఆ శిక్షను ఎత్తివేసింది.

ఆరోపణలు రాతపూర్వకంగా ఇచ్చి, సంఘ పెద్దల ఎదుట ఆయన వాదన వినండి. తీర్పు వెలువడేవరకు జీతం, ఇల్లు కొనసాగించండి. విచారణ తేదీని ఈస్టర్ లోపు ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
సంఘ సభ్యురాలు