తీరం దాటింది సరే సార్, మా వంక సంగతి ఎవరు చెప్తారు?

కడప జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

సార్, బంగాళాఖాతంలో ఏదన్నా తిరగడం మొదలైందంటే చాలు మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ రంగుల సుడి బొమ్మ వచ్చేస్తుంది, దాని కింద ఎవరో ఒకరు "మనకేం కాదులేప్పా, అది బాపట్ల పక్క పోతాంది" అని పెడతారు, అంతే, అందరం పడుకుంటాం. టీవీలో కూడా అదే వరస. గాలి ఎంత స్పీడు, మచిలీపట్నంలో ఎన్నో నంబర్ ప్రమాద హెచ్చరిక ఎగరేసినారు, రెయిన్‌కోటు వేసుకోని ఒకాయన సముద్రం ముందర నిలబడి అరుస్తా ఉంటాడు. తీరం దాటిన మరుక్షణం సినిమా అయిపోయినట్టు అందరూ లేచి వెళ్ళిపోతారు. మాకు అసలు భయం అప్పుడే మొదలయ్యేది.

2021 నవంబర్ 19 సంగతి మీ ఫైళ్ళలో ఉంటుంది. ఒక్కటి గమనించండి సార్, ఆ రోజు వచ్చింది తుఫాను కూడా కాదు, ఉత్త వాయుగుండం. పేరు కూడా లేదు దానికి. పుదుచ్చేరికి చెన్నైకి మధ్యలో తెల్లవారుజామున తీరం దాటింది, ఇక్కడ పింఛా ప్రాజెక్టు దగ్గర కట్ట తెగి ఆ నీళ్ళన్నీ కిందికొచ్చి అదే పొద్దున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకపోయి, చెయ్యేరు నది పులపత్తూరు, మందపల్లి, గుండ్లూరు ఊర్ల మీద పడింది. పదుల ప్రాణాలు పోయినాయి, ఇండ్లు, గొడ్లు, పొలాల మీద మేట వేసిన ఇసుక, చెప్పుకుంటా పోతే ఆగదు.

వాతావరణ శాఖ వాళ్ళ లెక్కలో గాలి గంటకు 62 కిలోమీటర్లు వస్తే తుఫాను, 89 వస్తే తీవ్ర తుఫాను, 118 వస్తే అతి తీవ్ర తుఫాను. తీరంలో ఉండేవాళ్ళకి ఆ లెక్క కరెక్టే, వాళ్ళ పడవలు, పైకప్పులు పోయేది గాలికే. కానీ ఆ లెక్కలో వాన లేదు కదా సార్. మా దగ్గరికి వచ్చేసరికి గాలి చచ్చిపోతుంది, తేమ మాత్రం అట్లే వస్తుంది, వచ్చి శేషాచలం, పాలకొండలకు తగులుకోని పైకి లేచి అక్కడే కుమ్మరిస్తుంది. వంకలు చూస్తే పొట్టివి, వాలు ఎక్కువ. పైన కురిసింది గంటల్లో కింద ఊర్లో ఉంటుంది. మొన్న 2025 అక్టోబర్ 28 రాత్రి మోంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటితే దేశమంతా కోనసీమ వైపు చూసింది, మర్నాడు మునిగింది యాడనో దూరంగా ఉండే వరంగల్.

దీనికి తోడు ఇప్పుడు ఇంకో తలనొప్పి. తీరం దగ్గరికి వచ్చినాక ఉన్నట్టుండి బలపడే తుఫాన్లు. ఒక్క రోజులో గాలి వేగం 55 కిలోమీటర్లకు పైగా పెరిగితే వాతావరణ శాఖ వాళ్ళు దాన్ని ఉన్నట్టుండి బలపడడం కింద లెక్కేస్తారు. సముద్రం పైపైన కాకుండా లోతు దాకా వేడెక్కి ఉండి, పైన గాలులు దాని తల నరక్కుండా ఉంటే అట్లా జరుగుతుందంట. యాడ తీరం దాటుతుందో చెప్పడం ఇప్పుడు బాగా మెరుగైంది, ఎంత బలంగా దాటుతుందో చెప్పడమే ఇంకా కష్టం. 2023 అక్టోబర్‌లో మెక్సికోలో ఓటిస్ అట్లే చేసింది, పొద్దున మామూలు తుఫాను, రాత్రికల్లా కేటగిరీ 5, అంటే వాళ్ళ లెక్కలో అన్నిటికన్నా బలమైంది, అకపుల్కో ఊరు నాశనం. తుఫాను లోపలికి విమానాలు పంపించే అమెరికా పక్కన ఉండి కూడా దాన్ని ముందు పసిగట్టలేకపోయినారు, మధ్యాహ్నం విమానం పోయి చూస్తేనే తెలిసింది. మనకు ఎక్కువగా శాటిలైటు, రాడారే దిక్కు. వాతావరణ శాఖను తిట్టడానికి కాదు సార్ ఇది రాసేది, వాళ్ళ పని వాళ్ళు బాగానే చేస్తున్నారు. 72 గంటల ముందు ఒకటి, 48కి ఒకటి, 24కి ఒకటి హెచ్చరిక ఇస్తారు, ఆఖరున తీరం దాటే 12 గంటల ముందు, దాటినాక లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందో కూడా ఇస్తారు. ఈ నాలుగోదే మాది. అది మీ ఆఫీసు దాకా వస్తుంది, మా వీధి దాకా రాదు.

నేను కడప ఊర్లోంచి పారే బుగ్గవంక పక్కనుండే మనిషిని. 2020 నవంబర్‌లో నివర్ తుఫాను అప్పుడు మా వీధిలో ఫ్రిజ్జు మంచం మీదికి ఎక్కించి, బియ్యం మూట అటక మీద పెట్టి, నీళ్ళు గడప దాటుతుంటే ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే అవతలాయన "తుఫాను బలహీనపడింది, భయపడొద్దు" అని పెట్టేసినాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. నేనడిగింది తుఫాను గురించి కాదు, పైనుంచి ఎంత నీళ్ళు వదిలినారు, ఇంకా వదుల్తారా అని.

కాబట్టి అడిగేది ఇదే సార్. తీరం దాటే 12 గంటల ముందు నుంచి, దాటినాక రెండు రోజుల దాకా, బుగ్గవంక, పింఛా, పాపాఘ్ని, చెయ్యేరు, దేంట్లో ఎంత మట్టం ఉంది, ఎంత వదులుతున్నారు, అది ఏ ఊరికి ఎన్ని గంటల్లో చేరుతుంది, మూడు గంటలకోసారి తెలుగులో ఫోన్లకు పంపించండి. కరెక్టుగా తెలియకపోతే ఇంత నుంచి ఇంత అని చెప్పండి, అర్థం చేసుకుంటాం. చదవలేని పెద్దవాళ్ళ కోసం గుడి, మసీదు, చర్చి మైకుల్లో చెప్పించండి, అర్ధరాత్రయినా ఫర్వాలేదు.

ఇంకా ముఖ్యమైంది గేట్ల సంగతి. సీమలో నిండిన ప్రాజెక్టు నుంచి నీళ్ళు ముందే వదలమంటే ఎవరికి చేతులొస్తాయి సార్? వదిలినాక వాన రాకపోతే రైతులు ఊరుకోరు, పేపర్లలో వేస్తారు, సస్పెండు చేస్తారని ఆ అధికారి భయం. వదలకపోతే ఏమైతుందో చూసినాం. ఆ నిర్ణయాన్ని అర్ధరాత్రి ఫోన్ సిగ్నల్ కూడా లేని చోట వానలో నిలబడిన ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) నెత్తిన పెట్టొద్దు. ఫలానా హెచ్చరిక వస్తే ఫలానా మట్టానికి దించాలి అని ముందే రాసిపెట్టి, మీరు సంతకం పెట్టి, అందరికీ తెలిసేట్టు బయట పెట్టండి. వాన రాకపోతే బాధ్యత మీది, ఆ ఏఈది కాదు. అప్పుడు మమ్మల్ని తిట్టొద్దనండి, తిట్టం. కొంతమంది తిడతారనుకోండి, అది వేరే సంగతి.

అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే లోపు ఆ కాగితం పంచాయతీ ఆఫీసుల గోడ మీద కనిపించాలి.

ఇట్లు,
బుగ్గవంక ఒడ్డున ఇల్లున్న ఒక కడప వాసి