మెడనొప్పికి మర్దన ఒక్కటే చాలదు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు మెడ పట్టేసిందనీ, భుజాలు లాగుతున్నాయనీ ఈమధ్య తరచుగా చెబుతున్నారు. ఇంట్లో బామ్ రాసి మర్దన చేస్తే ఆ పూటకు హాయిగానే ఉంటుంది. మర్నాడు మళ్ళీ మొదలు.

తల వంచి గంటలకొద్దీ కదలకుండా కూర్చునేవాళ్ళకు ఛాతీ కండరాలు, మెడ నుంచి భుజం మీదికి దిగే కండరాలు బిగుసుకుంటాయి. మెడ ముందువైపు లోతుగా ఉండేవి, వీపు మీద రెక్కల ఎముకల మధ్య ఉండేవి పని లేక నీరసిస్తాయి. చెక్ వైద్యుడు వ్లాదిమీర్ యాండా ఈ తీరుకు ‘అప్పర్ క్రాస్డ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. నిద్ర చాలకపోయినా, పరీక్షల బెంగ పట్టుకున్నా నొప్పి పెరుగుతుంది. కాబట్టి ప్రతిదానికీ ‘సరిగ్గా కూర్చో’ అని పిల్లల్ని కసరకండి.

ఫిజియోథెరపిస్టులు బిగుసుకున్నవాటిని సాగదీయించి ఊరుకోరు, నీరసించినవాటికి పని చెబుతారు. తేలికైనది ఒకటి: గోడకు వీపు ఆనించి, ఎదురుగా చూస్తూ, గడ్డం కిందికి వంచకుండా నేరుగా వెనక్కి లాగాలి. ఐదు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు. నొప్పి పెరిగితే ఆపేయాలి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయనివ్వకండి. ల్యాప్‌టాప్ ముందు పనిచేసే మీరూ పక్కన నిలబడి చేస్తే పిల్లలు ఇంకా ఇష్టంగా చేస్తారు.

సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడ విరిపించడం మాత్రం దయచేసి వద్దు. అరుదుగానైనా, మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని చిరిగి పక్షవాతం రావచ్చు. చేయి తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా, దెబ్బ తగిలాక మెడ నొప్పి పెట్టినా వ్యాయామాలతో కాలయాపన చేయకుండా డాక్టరుకు చూపించండి. జ్వరంతో మెడ బిగుసుకుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020 నాటి కేంద్ర విధానం చెబుతోంది. అంటే 35 కిలోల పిల్లకు మూడున్నర కిలోలు. రాత్రే టైంటేబుల్ చూసి సర్దించండి, రెండు పట్టీలూ భుజాలకు వేసుకోమనండి. మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు బస్సుల్లో వెళ్ళే పిల్లలు ట్రాఫిక్‌లో ఉన్నంతసేపూ ఫోన్ మీదికి వంగే ఉంటున్నారు. ఆ కాసేపైనా ఫోన్ సంచిలో ఉండనివ్వండి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశం అయ్యాక మా వ్యాయామ ఉపాధ్యాయురాలు ఈ కదలికలన్నీ మైదానంలో చేసి చూపిస్తారు. పిల్లల్నీ వెంట తీసుకురండి.

ప్రధానోపాధ్యాయురాలు