బుజ్జమ్మకి పని ఇవ్వు

చి॥ మాధవికి అమ్మ ఆశీస్సులు.

దివిసీమ ఉప్పెన మీద పిల్లల కోసం నువ్వు రాస్తున్న కథ మొత్తం చదివాను. బుజ్జమ్మ, దాని చంటి తమ్ముడు, నాయనమ్మ, గేదె అందరూ కళ్ళకి కట్టారు. కానీ గాలివాన మొదలైన దగ్గర నించి బుజ్జమ్మ ఏమీ చెయ్యదు. ఏడుస్తుంది, కళ్ళు మూసుకుంటుంది, తెరిచేసరికి తెల్లారుతుంది. చదివే తొమ్మిదేళ్ళ పిల్లకి ఇక మిగిలేది భయం ఒక్కటే. బుజ్జమ్మకి తన చేతులకి తగిన పని కావాలమ్మా. అది దొరకాలంటే ఆ రోజు గాలి ఎటు నించి వీచిందో, నీళ్ళు ఎటు నించి వచ్చాయో నీకు తెలిసుండాలి. "ప్రళయం ముంచుకొచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అందులో ఎవరికీ పని ఉండదు.

1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది, కార్తీక మాసం, సార్వా వరి చేతికి రావలసిన రోజులు. తుపాను కేంద్రం తీరం దాటింది చీరాల దగ్గర. దివిసీమ అక్కడికి తూర్పున 60 కిలోమీటర్ల పైనే. మన దగ్గర తుపాను గాలులు గడియారం ముల్లుకి ఎదురు దిశలో సుడి తిరుగుతాయి కనక, కేంద్రం సాగే దారికి కుడి పక్కనున్న తీరం మీదికి సముద్రాన్ని తోస్తాయి. దివిసీమ ఉన్నది కృష్ణ సాగరంలో కలిసే చోట, అక్కడ సముద్రం లోతు తక్కువ. తోసుకొచ్చిన నీటికి వెనక్కి మళ్ళే దారి లేక పైకి లేస్తుంది. అలా లేచింది సుమారు 5 మీటర్లు. పోయినవాళ్ళు 10 వేల మందికి తక్కువ కాదు.

అందుకే నీ మూడో అధ్యాయం మార్చాలి. గాలి ఉన్నట్టుండి ఆగిపోయినట్టు, జనం బయటికొచ్చినట్టు రాశావు. ఆ ప్రశాంతత తుపాను కన్ను, అంటే సుడి నట్టనడుమ గాలి లేని చోటు, నెత్తి మీదుగా పోయే ఊళ్ళకే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖపట్నం మీదుగా పోయింది, ఆ కథైతే సరిపోయేది. దివిసీమలో గాలి ఆగదు, దిక్కు మారుతుంది. ముందు ఈశాన్యం, తరవాత తూర్పు, కేంద్రం చీరాల వైపు చేరేకొద్దీ ఆగ్నేయం. బుజ్జమ్మకి మొదటి పని ఇక్కడే ఉంది. వాకిట్లో కొబ్బరి మట్టలు పొద్దుట్నించీ ఒక పక్కకి విరగబడుతున్నాయి, ఇప్పుడు ఇంకో పక్కకి తిరిగాయి. ఆ మాట ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి చెప్పేది అదే కావాలి. గాలి సముద్రం వైపు నించి తిరిగిందంటే దానర్థం ఏమిటో నాయనమ్మకి తెలుసు.

ఇంకొకటి, నీళ్ళు ఒక్క గోడలా దూరాన కనపడి మీద పడినట్టు రాశావు. ఉప్పెన ఒక్క అల కాదు, సముద్రమే పైకి లేవడం. అలలు ఆ పైన అదనం. లంక భూముల్లో అది ముందు పాయల గుండా, మురుగు కాలవల గుండా వస్తుంది. సముద్రానికి పోవలసిన డ్రెయిను నీళ్ళు ఎదురు తిరుగుతాయి. పాదాల దగ్గరున్న నీళ్ళు మొలకి, మొల నించి మెడకి ఎంతోసేపు పట్టదు. మొదటి నీళ్ళు పాదం తాకినప్పుడు పిల్ల వేలు ముంచి నాలిక్కి రాసుకుంటే ఉప్పగా ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చాలు, వాన నీళ్ళు కావని ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

గేదెని విప్పే పని కూడా దానికే ఇవ్వు. కట్టేసిన పశువు నీళ్ళొస్తే నిలువునా మునిగిపోతుంది. కానీ "పలుపు విప్పింది" అని రాయకు. నార తాడు తడిస్తే ఉబ్బి ముడి బిగుసుకుంటుంది, పశువు గుంజినకొద్దీ ఇంకా బిగుస్తుంది. చిన్న వేళ్ళకి రాదు. చూరులో దోపిన కొడవలి అందుకోవాలి, తమ్ముణ్ణి చంకలో పెట్టుకుని ఒంటి చేత్తో కోయాలి. అంతకు మించి ఆ పిల్ల చేత సాహసాలు చేయించకు. పెద్దవాళ్ళని నీళ్ళలోంచి లాగి బతికిస్తే చదివే పిల్ల తనూ అలా చెయ్యాలేమో అనుకుంటుంది.

తుపానుకి పేరు పెట్టావు, తీసెయ్యి. బంగాళాఖాతం తుపాన్లకి పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. వాళ్ళింట్లో టీవీ ఉండదు, కబురు తెచ్చేది ఊళ్ళో ఒకటో రెండో ట్రాన్సిస్టర్లు. ఎత్తు మీద కట్టిన తుపాను షెల్టర్లు చాలా వరకు ఆ తరవాతవే, కాబట్టి పరిగెడితే బడి డాబాకో గుడికో పరిగెత్తాలి.

నాయనమ్మ పోయినట్టు రాశావు, మంచిదే. కానీ "నిద్రపోయింది" అనకు. చిన్నపిల్లలు ఆ మాట ఉన్నదున్నట్టే తీసుకుని రాత్రి పడుకోవడానికి భయపడతారు. చనిపోయింది అని రాయి. గేదె తాడు కోస్తూ ఆలస్యం చేసినందుకే నాయనమ్మ పోయిందని బుజ్జమ్మ అనుకుంటుంది, ఆ వయసు పిల్లలకి వచ్చే మొదటి ఆలోచన అదే. ఆ ఆలోచన బుజ్జమ్మ తనలోనే ఉంచుకోకూడదు. పైకి అనాలి, అలా కాదని వాళ్ళమ్మ చెప్పాలి, అదీ పేజీ మీదే జరగాలి.

అసలు లోటు చివర్న ఉంది. ఉప్పెన నీళ్ళు తగ్గిన తరవాత నువ్వు రెండు పేజీల్లో ముగించావు. కుటుంబం బతికేది అక్కడ కదా! నీ కథలో బావి తోడేశారు, మర్నాడు మంచినీళ్ళు వచ్చాయి. అలా కాదు. సముద్రతీరం ఊళ్ళలో తీపి నీరు పైన పలచటి పొరగా ఉంటుంది, కింద ఉప్పు నీరు. తొందరపడి అదే పనిగా తోడితే కింది ఉప్పు పైకి లేస్తుంది. మెల్లిగా, ఊరనిస్తూ తోడాలి. తరవాత బ్లీచింగ్ పౌడరు. తేట నీళ్ళయితే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, బురద నీళ్ళకి అంతకు బాగా ఎక్కువ. మరి బావిలో ఎన్ని లీటర్లు? ఇదిగో బుజ్జమ్మ పని. తాడుకి రాయి కట్టి వదిలి, తడిసినంత మేర కొలవాలి. బావి వెడల్పు 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు అయితే దాదాపు 9,400 లీటర్లు. తేట నీళ్ళ లెక్కన 24 గ్రాములు. ఐదో తరగతి పిల్ల లెక్క అది, ఆరోగ్య కార్యకర్త పక్కన కూచుని చేస్తుంది. పొడి నేరుగా బావిలో చల్లరు. బకెట్లో కొంచెం నీళ్ళతో ముద్దగా కలిపి, ముప్పాతిక బకెట్టు నీళ్ళు పోసి కలియబెట్టి, సున్నం అడుక్కి చేరాక పై తేటే ఇంకో బకెట్లోకి వంచి, దాన్ని బావిలోకి దింపి నీళ్ళని బాగా కలబెట్టాలి. గంట ఆగాలి. ఆ గంట బుజ్జమ్మ బావి దగ్గర కాపలా ఉండనీ, దాహంతో వచ్చిన వాళ్ళందరికీ ఆగమని చెప్పనీ. ఆఖరికి తోడి తాగితే ఇంకా ఉప్పగానే ఉండాలి. మందు క్రిముల్ని చంపుతుంది, ఉప్పుని తియ్యదు. వాడకానికి బావి, తాగడానికి ట్యాంకరు నీళ్ళు. ఈ అధ్యాయం ఎంత పొడుగైనా పరవాలేదు, చదివే పిల్లలు తాడుతో పాటు వంగి చూస్తారు.

పొలం సంగతి మూడు వాక్యాల్లో కానివ్వు. కాలవ నీళ్ళు నిలగట్టి వదిలేస్తూ ఉప్పు కడగాలి, ముందు పూడిన మురుగు కాలవలు తవ్వాలి, లేకపోతే కడిగిన ఉప్పు పోయే దారే ఉండదు.

ముగింపు సూర్యోదయంతో వద్దు. 1990 మే 9న ఇంకో పెద్ద తుపాను మచిలీపట్నానికి దక్షిణాన ఇదే తీరాన్ని కొట్టింది. ముందే లక్షల మందిని ఊళ్ళ నించి తరలించారు, పోయినవాళ్ళు వెయ్యి లోపు. అప్పటికి బుజ్జమ్మకి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ఆఖరి అధ్యాయంలో దాన్ని ఇంటింటికీ తిప్పు. "గేదెల్ని విప్పారా?" అని అడగనీ.

మూడో అధ్యాయం, బావి అధ్యాయం తిరగరాసి పంపు. మిగతావి తరవాత చూద్దాం.

ప్రేమతో
అమ్మ